ప్రతి వస్తువుకూ ఒక మనిషి

(డిసెంబరు చివరి ఆదివారం మా కాలనీ కమ్యూనిటీ హాల్లో జరిగిన ప్రసంగం ఇది. మాట్లాడినావిడ 31 ఏళ్లు గ్రంథాలయ శాఖలో లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యారు. ఆ రోజు రాలేకపోయినవాళ్లు అడిగితే రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకి రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఈ బల్ల మీద కండువా కప్పి పెట్టినదేమిటని ఇందాకట్నించీ నలుగురు అడిగారు. చివర్లో చెబుతాను. అది మీలో ఎవరో ఒకరికి ఇద్దామనే మోసుకొచ్చాను.

భోగి దగ్గరికొచ్చేసింది. ఇల్లు దులపడాలు మొదలయ్యే ఉంటాయి. మా చిన్నప్పుడు భోగిమంటలో ఏం వేసేవాళ్లం? చిరిగిన తాటాకు చాపలు, చివికిపోయిన చేటలు, విరిగిన మంచం కోళ్లు, మేం నెల ముందునుంచీ చేసి ఎండబెట్టిన భోగి పిడకల దండలు. ఆలోచించండి, అందులో మట్టిలోంచి రానిది ఒక్కటైనా ఉందా? ఆకు, వెదురు, కర్ర, పేడ. కాలి బూడిదైతే మళ్లీ మట్టిలోకే పోయేవి. పోయినేడు మన వీధి చివర మంటలో నేను చూసినవేమిటంటే ఫోము పరుపు, విరిగిన ప్లాస్టిక్ కుర్చీ, రెగ్జిన్ సంచులు, కరెంటు వైర్లు. నల్లటి పొగ. ఆ పొగ చుట్టూ చలి కాచుకుంటూ పసిపిల్లలు. దయచేసి ఈసారి అలా చెయ్యొద్దు. మంటకి పాతవన్నీ ఒకటే కావు. ఇంత చెప్పి అసలు విషయానికి వస్తాను.

మా అమ్మ పోయి రెండేళ్లయింది. మా ఊరు కోనసీమలో, గోదావరి పాయకి దగ్గరగా ఉంటుంది. పెంకుటిల్లు. కర్మలన్నీ అయ్యాక తమ్ముడికి ఇంకా నాలుగు రోజులే సెలవుంది. అమెరికాలో ఉన్న చెల్లెలు ఫోన్లో వీడియో పెట్టుకుని కూర్చుంది. ఆ నాలుగు రోజుల్లో ఇల్లు ఖాళీ చెయ్యాలి. నాలుగు రోజులండీ! అరవై ఏళ్ల కాపురాన్ని నాలుగు రోజుల్లో సర్దాలి.

నిచ్చెన వేసుకుని తమ్ముడు అటక ఎక్కాడు. ఏముందిరా అంటే జవాబు లేదు. కాసేపటికి, ‘అక్కా, అన్నీ ఉన్నాయే’ అన్నాడు. అన్నీ ఉన్నాయి. పెద్ద ఇత్తడి గంగాళం, నీళ్ల కాగు, ఏడు బిందెలు, మరచెంబులు, రెండు లాంతర్లు, కవ్వం, ఆవకాయ జాడీలు, నాన్న సైకిలు డైనమో, మా ముగ్గురి ఉయ్యాల గొలుసులు. ఒక గోనెసంచి నిండా హార్లిక్స్ సీసాలు. లెక్కపెట్టాను, అరవై ఒక్కటి ఉన్నాయి. ప్రతి సీసా కడిగి, ఆరబెట్టి, మూత బిగించి ఉంది.

తమ్ముడికి కోపం వచ్చింది. ఎందుకే ఇవన్నీ దాచింది, పిచ్చిదా మా అమ్మ అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మీ ఇళ్లల్లోనూ ఈ మాట వచ్చే ఉంటుంది. కానీ ఆ సామాను అటకెక్కింది 1986లో. ఆ ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద గుర్తున్నవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. గుమ్మంలోకి నీళ్లొచ్చిన రాత్రి అమ్మా నాన్నా చేతికందింది అందినట్టు అటక మీదికి ఎక్కించారు. నీళ్లు తీశాక వాడుకకి కావలసినవి దింపారు, మిగతావి దింపలేదు. పదేళ్లకి, 1996 నవంబరులో తుపాను వచ్చింది. కోనసీమలో కొబ్బరిచెట్లు వేర్లతో సహా పడుకున్నాయి. అలాంటివి రెండు చూసిన మనిషి ఖాళీ సీసా అయినా పారేస్తుందా? ఆవిడ కళ్లకి అది సీసాగా కనపడదు. రేపు నీళ్లు నిలవచేసుకునేదిగానో, ఉప్పు తడవకుండా ఉంచేదిగానో కనపడుతుంది. పెద్దవాళ్లు దాచిన వస్తువు వెనక ఏదో ఒక భయం ఉంటుంది. ఆ భయమేమిటో తెలుసుకోకుండా ‘పారెయ్యమ్మా, పారెయ్యమ్మా’ అంటే వాళ్లు ఇంకా గట్టిగా పట్టుకుంటారు.

మూడో రోజు పాత సామాన్లు కొనేతను కాటా పట్టుకుని వచ్చాడు. మంచివాడే, తూకం సరిగ్గానే వేశాడు. బిందెలు ఒక్కొక్కటే కాటాకి తగిలిస్తున్నాడు. మూడో బిందె ఎత్తేసరికి దాని మెడ దగ్గర ఏదో గరుగ్గా తగిలింది. చింతపండు పెట్టి తోమి చూశాను. పూర్వం ఇత్తడి సామాను మీద పేర్లు కొట్టించేవాళ్లు కదా, ఉలీ సుత్తీ పెట్టుకుని చుక్క చుక్కగా కొట్టేవాడు. అందులో మా అమ్మమ్మ పేరు, 1951 అన్న అంకెలు ఉన్నాయి. పేరు మొదలు పెట్టినప్పుడు అక్షరాలు పెద్దవిగా కొట్టాడు. చివరికొచ్చేసరికి చోటు చాల్లేదు, ఆఖరి అక్షరం కాస్త పైకెక్కింది. మా అమ్మమ్మ ఎలా ఉండేదో నాకు లీలగానే గుర్తు. కానీ ఆ పైకెక్కిన అక్షరం చూడగానే, ఆవిడ ఆ కొట్టేవాడి ముందు గొంతుక్కూచుని, ‘చోటు చూసుకోవయ్యా’ అంటున్నట్టే అనిపించింది.

ఆ బిందె కాటా మీంచి దింపేశాను. మిగతావి కూడా ఆపమన్నాను. కరిగించే పొయ్యిలోకి వెళ్లాక ఆ చుక్కలు ఎక్కడుంటాయండీ? అక్కడ ఇత్తడికి కేజీ లెక్కే.

అక్కడే, ఆ వసారాలోనే, నాకు నా ఉద్యోగం గుర్తొచ్చింది. 31 ఏళ్లు నేను చేసిందేమిటి? వస్తువులు సర్దడమే కదా. లైబ్రరీకి ఒక పుస్తకం వస్తే దానికి యాక్సెషన్ నంబరు, అంటే ఆ పుస్తకానికే చెందే వరస నంబరు, వేస్తాం, రిజిస్టర్లో ఎక్కిస్తాం. అది పాడైపోతేనో, ఎవరూ చదవకపోతేనో తీసెయ్యాలి. అప్పుడు కూడా రిజిస్టర్లో ఆ నంబరు ఎదురుగా రాసి, సంతకం పెట్టించుకుని తీసేస్తాం. ఎక్కడికి వెళ్లిందో రాతలో ఉంటుంది. మన గ్రంథాలయ శాస్త్రానికి తండ్రిలాంటివారు ఎస్.ఆర్. రంగనాథన్ గారు. 1931లో ఆయన ఐదు సూత్రాలు ప్రకటించారు. మేమందరం ట్రైనింగులో కంఠతా పట్టినవే. అందులో మూడోది, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు ఉంటాడని. ఎక్కడో ఒకచోట ఉంటాడు, మనం కలపాలి అంతే. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ సూత్రం పుస్తకాలకే అనుకున్నాను. ఆ రోజు గంగాళం ముందు కూర్చుని, ప్రతి వస్తువుకీ ఒక మనిషి ఎందుకు ఉండకూడదు అనుకున్నాను.

గంగాళం ముగ్గురం పట్టుకుంటేగానీ కదల్లేదు. మా ఫ్లాట్లో పెట్టాలంటే హాలు మధ్యలో పెట్టాలి. మా తమ్ముడిదీ అదే కథ. మరి ఇంత గంగాళం ఎవరికి కావాలి? ఇంతమందికి ఒకేసారి వండేది, కలిపేది ఎవరు? మా ఊరి రామాలయం గుర్తొచ్చింది. శ్రీరామనవమికి అక్కడ పానకం ప్లాస్టిక్ డ్రమ్ములో కలుపుతున్నారని అమ్మ బతికుండగా ఎన్నిసార్లో నొచ్చుకుంది. అడిగితే పంతులుగారు సంతోషపడ్డారు. లోపలి కళాయి, అంటే తగరం పూత, పోయింది కదా, మళ్లీ వేయించాలి. ఇప్పుడు కళాయి వేసేవాళ్లు ఎక్కడున్నారండీ? వెతగ్గా వెతగ్గా రాజమండ్రిలో ఒక ముసలాయన దొరికాడు. గంగాళం నిప్పుల మీద తిప్పి వేడెక్కించి, నవసాగరం చల్లి, తగరం ముక్క అద్ది, పాత గుడ్డ పట్టుకుని ఇలా ఒక్క రుద్దు రుద్దాడు. నల్లటి అడుగు వెండిలా తెల్లబడిపోయింది. నా కళ్లముందే! ఆ పని నేర్చుకునేవాళ్లు లేరని ఆయన బాధపడ్డాడు. తర్వాతి నవమికి ఆ గంగాళంలో పానకం కలిపారు. నేనూ వెళ్లాను, ఒక గ్లాసు తాగాను.

అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఉన్నచోట ఈ సర్దుడు ఎంత కష్టమో నాకు తెలుసు. ఇత్తడి బిందెల దగ్గర మాటలు మానేసిన కుటుంబాలు మన మధ్యే ఉన్నాయి. మేం ఒక పని చేశాం. ఎవరికి ఏది కావాలో ముగ్గురం విడివిడిగా చీటీ మీద రాశాం, చెల్లెలు ఫోన్లో చెప్పింది. విప్పి చూస్తే తమ్ముడు రాసింది వాడు కూర్చుని అన్నం తిన్న పీట. చెల్లెలు రాసింది పోపుల పెట్టె. నేను రాసింది ఆ బిందె. ముగ్గురిలో ఒక్కరూ బంగారు గొలుసు అనలేదు, వెండి అనలేదు. మూడు రోజులుగా మనసుల్లో ఉన్న బిగువు ఆ చీటీలతో పోయింది. మీరూ చేసి చూడండి. కాకపోతే ఒక షరతు, ఒకరి చీటీ ఒకరు ముందు చూడకూడదు.

శుక్రవారం పూట ఇంట్లోంచి ఏదీ బయటికి పంపకూడదని పెద్దవాళ్లంటారు. నమ్మేవాళ్లతో వాదన పెట్టుకోకండి. శనివారం పంపండి, ఏం పోయింది? ఒక రోజు ఆగితే వాళ్ల మనసు స్థిమితంగా ఉంటుంది.

ఇక చీరలు. ఇక్కడ ఆడవాళ్లు కాస్త సర్దుకుని కూర్చుంటున్నారు, చూస్తున్నాను. ‘పాత పట్టుచీరలు కొంటాం’ అని వీధిలో కేకేసుకుంటూ వస్తారు కదా. వాళ్లకి కావలసింది పట్టు కాదు, జరీ. పూర్వపు జరీలో పట్టుదారం చుట్టూ వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత పూసేవాళ్లు. చీర కాల్చి ఆ వెండి తీసుకుంటారు. అమ్మేవాళ్లు అమ్ముకోవచ్చు, తప్పేమీ లేదు, కానీ ఏం అమ్ముతున్నారో తెలిసి అమ్మండి. మా అమ్మ పెళ్లి చీర ట్రంకు పెట్టెలో అడుగున దొరికింది. పైకి కొత్తదానిలా ఉంది. విప్పేసరికి మడత మడతకీ పుట్టుక్కున విరిగింది. ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉంటే పట్టు అక్కడ చివికిపోతుంది. కలరా ఉండలు కూడా అందులోనే వేసింది, అవి తగిలినచోట జరీ నల్లబడింది. దాచుకున్నందుకే పోయింది ఆ చీర! కట్టుకుని ఉంటే బతికేది. మూడు నాలుగు నెలలకోసారి తీసి, నీడన ఆరేసి, మడతలు మార్చి, నూలుగుడ్డలో చుట్టి పెట్టుకోండి. మా అమ్మ చీర అంచు మాత్రం గట్టిగా ఉంది. దర్జీ చేత అంచు విప్పించి మా మనవరాలికి పరికిణీ కుట్టించాం. మిగిలిన నూలు చీరలన్నీ బొంతలు కుట్టే ఆవిడకిచ్చాను. ఏడు చీరలు పొరలు పొరలుగా వేసి రెండు బొంతలు కుట్టింది. మా పిన్నిగారి మనవడు పుట్టినప్పుడు వాణ్ణి మొదట పడుకోబెట్టింది దాని మీదే. పురిటిబిడ్డకి ముందు పాతచీర గుడ్డే వేస్తాం కదా మనం. అంత మెత్తదనం కొత్తగుడ్డకి ఎక్కడ వస్తుంది?

ఇప్పుడు పుస్తకాలు, కాగితాలు. ఇది నా సొంత రంగం కాబట్టి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఓపిక పట్టండి.

నాన్న పుస్తకాలు రెండు బీరువాలు. నేను లైబ్రేరియన్నై ఉండి కూడా తొందరపడ్డాను. ఒక విద్యాసంస్థకి ఫోన్ చేస్తే, ‘పంపించెయ్యండి మేడమ్’ అన్నారు, ఆటోలో పంపించేశాను. ఆరు నెలల తర్వాత రోడ్డు పక్కన తూకానికి అమ్మే కొట్టులో నాన్న సంతకం ఉన్న పుస్తకం కనపడింది. ముప్ఫై రూపాయలిచ్చి కొనుక్కున్నాను. వాళ్లని తిట్టుకుని లాభం లేదు. వాళ్లకి బీరువాలు లేవు, చూసేవాళ్లు లేరు. నేను అడగవలసిన ప్రశ్నలు అడగలేదు. ఏ రకం పుస్తకాలు తీసుకుంటారు? ఎక్కడ పెడతారు? అక్కర్లేనివి తిరిగి ఇస్తారా? మీరు ఇచ్చేముందు ఇవి అడగండి. జాబితా రాసి పంపండి. చెదలు పట్టినవి, పాత గైడ్లు, సిలబస్ మారిన పాఠ్యపుస్తకాలు ఏ లైబ్రరీకీ పనికిరావు, అవి మీరే పాత పేపర్లతో వెయ్యండి.

కానీ పాత పత్రికలున్నాయా? మీ తాతల నాటి భారతి సంచికలో, వారపత్రికల బైండ్లో, ఊరి గురించి అచ్చువేసిన చిన్న చిన్న కరపత్రాలో ఉన్నాయా? అవి తూకానికి వెయ్యకండి. మీకు దణ్ణం పెడతాను. వేటపాలెంలో సారస్వత నికేతనం గ్రంథాలయం 1918 నుంచీ ఉంది. రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం ఉంది. హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. ముందు ఉత్తరం రాసి కనుక్కోండి. సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఉర్దూ పరిశోధన విభాగం ఉంది, దానికి పునాది అబ్దుల్ సమద్ ఖాన్ అనే ఒక్క మనిషి జీవితమంతా పోగుచేసిన పుస్తకాలు. ఇంట్లో ఎవరో ఒకరు ఆ గుట్టలు చూసి విసుక్కునే ఉంటారు, అనుకుంటాను. ఇంకా వెనక్కి వెళితే, బ్రౌన్ దొర 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించగలిగాడంటే, తాటాకు ప్రతులు జనం ఇళ్లల్లో మిగిలి ఉండబట్టే కదా? మీ ట్రంకు పెట్టె అడుగున ఏముందో చూడకుండా అమ్మకండి. పొలం దస్తావేజులు, పాసుపుస్తకాలు వేరే చెప్పక్కర్లేదు.

ఉత్తరాల గురించి నేనొకటి కనిపెట్టాను. అమ్మ పెట్టెలో నీలం ఇన్‌లాండు కవర్ల కట్ట దొరికింది, నాడా కట్టి ఉంది. ఆవిడ స్నేహితురాలు కాకినాడ నుంచి ఇరవై ఏళ్లపాటు రాసినవి. చదవాలా, కాల్చాలా? రెండు ఉత్తరాలు చదివి ఆపేశాను, అవి నాకు రాసినవి కావుగా. ఆవిడ ఇంకా ఉన్నారని తెలిసి, కట్ట తీసుకెళ్లి ఆవిడ చేతికే ఇచ్చాను. ఎనభై దాటినావిడ. కళ్లజోడు పెట్టుకుని, ‘ఇది నా దస్తూరీయేనా?’ అన్నారు. ఆ సాయంత్రం ఆవిడ నాకు మా అమ్మ గురించి చెప్పిన సంగతులు, అమ్మ కూతురిగా నాకు ఒక్కటీ తెలియదు. వినాయకచవితికి పత్రి కోసం గోడ దూకి కాలు విరగ్గొట్టుకుందట మా అమ్మ! మాకు ఎప్పుడూ చెప్పలేదు. ఉత్తరం రాసినవాళ్లు బతికుంటే ఉత్తరం వాళ్లకి ఇవ్వండి.

ఫొటోల దగ్గరే నేను ఓడిపోయాను. ఒక ఫొటో ఉంది, 1979 గోదావరి పుష్కరాల్లో తీసింది. మెట్ల మీద తడిచీరలతో ఐదుగురు ఆడవాళ్లు, నవ్వుతూ. ఒకరు మా అమ్మ, ఒకరు మా పెద్దమ్మ. మిగతా ముగ్గురు ఎవరు? తెలియదు. తమ్ముడికి తెలియదు, చెల్లెలికి తెలియదు, ఊళ్లో ఎవరికీ తెలియదు. వెనక ఏమీ రాసి లేదు. ఆ ముగ్గురిలో ఒకావిడ మా అమ్మ భుజం మీద తల వాల్చి ఉంది. అంత దగ్గర మనిషి! అమ్మ మంచం మీద ఉన్న ఎనిమిది నెలల్లో నేను రోజూ పక్కనే కూర్చున్నాను. మందులు వేశాను, టీవీ పెట్టాను. ఆ ఆల్బం తీసి, ఇదెవరమ్మా అని ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేది. సంతోషంగా చెప్పేది. అడగలేదు.

ఇందుకే పిలవగానే వచ్చాను ఈ రోజు. ఇంటికి వెళ్లి మీ అమ్మగారినో అత్తగారినో అటక కింద కూర్చోబెట్టండి. ఇది పారేద్దామా అని అడగొద్దు. ఇది ఎవరిచ్చారు, ఎక్కడ కొన్నారు, ఎవరికిద్దాం అని అడగండి. ఫొటోల వెనక మెత్తటి పెన్సిలుతో పేర్లు రాయండి, పెన్నుతో వద్దు, సిరా ముందువైపుకి దిగుతుంది. ఇక ఈ హాల్లో పెద్దవాళ్లున్నారు, మీతో కూడా ఒక మాట. ఎవరికి ఏది ఇవ్వాలనుకుంటున్నారో మీ చేత్తో మీరే ఇవ్వండి. గాజులు మనవరాలి చేతికి మీరు తొడిగితే ఆ పిల్ల మొహం మీరు చూస్తారు.

మందులు, పాత ఫోన్ల గురించి సెక్రటరీగారు చెప్పమన్నారు. గడువు తీరిన మాత్రలు రేకుల్లోంచి తీసి, వాడేసిన టీపొడిలోనో మట్టిలోనో కలిపి, కవర్లో మూటకట్టి చెత్తలో వెయ్యండి, సింకులో వద్దు. ఉబ్బిన బ్యాటరీలు, పాడైన ఫోన్లు తడి చెత్తలో కలపకండి, ఈ-వేస్టు తీసుకునేవాళ్లకే ఇవ్వండి. అంతే. దేవుడి పటాలు ఉన్నాయి కదా, రావిచెట్టు కింద అద్దాలు పగిలి పడి ఉంటాయి, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఫ్రేమూ అద్దమూ విడదీసి, కాగితాన్ని బకెట్టు నీళ్లలో నానబెట్టి, మెత్తబడ్డాక ఆ నీళ్లు చెట్టు మొదట్లో పొయ్యండి. నేను మా ఇంట్లో అలాగే చేశాను, మందారం కింద పోశాను.

సరే, ఆ కండువా తియ్యమ్మా.

ఇది కుంచం. ఇనుపది, ఇత్తడి పట్టీలు వేసి ఉంది. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. 1956లో మెట్రిక్ కొలతల చట్టం వచ్చి వీటి రోజులు తీరిపోయాయి గానీ, మా అమ్మ చివరిదాకా బియ్యం మానికతోనే కొలిచింది. మా కళ్లం మీద వడ్లు ఈ కుంచంతోనే కొలిచేవాళ్లు. రెండేళ్లుగా నా దగ్గరే ఉంది, దీనికి మనిషి దొరకలేదు. ఇందాక ఆ మూడో వరసలో టీచరుగారు అన్నారు, మా పిల్లలకి గిద్దా సోలా అంటే పాఠంలో మాటలే తప్ప కంటితో చూసింది లేదని. అది విన్నాను.

రండమ్మా, ఇలా రండి. ఈ సంచిలో మానిక, తవ్వ, సోల, గిద్ద కూడా ఉన్నాయి, అన్నీ ఒక జట్టు, విడదీయకండి. బరువుంది, రెండు చేతులతో పట్టుకోండి. పిల్లలతో ఇసుక కొలిపించినా పరవాలేదు, చొట్టలు పడతాయని భయపడకండి. ఒక్కటి మాత్రం చెప్పండి వాళ్లకి. మొదటి కుంచం పోసేటప్పుడు ఒకటి అనకూడదు, ‘లాభం’ అనాలి. లాభం, రెండు, మూడు. అలాగే లెక్కపెట్టించండి.